దెయ్యం కారు, డాక్టరు గారి కారు

సినిమా హాలు మేనేజరు పని ఏమిటని అడిగితే టిక్కెట్లు, గేట్లు, ఫ్యాన్లు, పాసుల కోసం వచ్చే పెద్దమనుషులు అని చెబుతారు. అవన్నీ నిజమే. కానీ అవి కొన్నాళ్ళు తిరిగేసరికి ఎవరికైనా పట్టుబడతాయి. అంత తేలిగ్గా పట్టుబడనిది ఒకటుంది. ఆట వదిలాక బయటికొచ్చే జనం మాట వినడం. దానికి చెవులుంటే చాలనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను. ఎక్కడ నిలబడి వింటున్నామో, ఎవరి మాట అసలు మన చెవిన పడడం లేదో తెలుసుకోవడానికి నాకు ఒక సినిమా, ఒక నల్ల కారు కావలసి వచ్చాయి. ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్ళకి ఉపయోగపడుతుందని ఆ సంగతి రాస్తున్నాను.

విశాఖపట్నంలో రైల్వే స్టేషనుకీ పోర్టుకీ మధ్య ఉన్న ఒకే హాల్లో నా ఉద్యోగమంతా గడిచింది. బుకింగు గుమాస్తాగా చేరాను, మేనేజరుగా దిగాను. ఎప్పుడు ఎలా ఎదిగానన్నది మీకు పనికొచ్చేది కాదు. మాది ఎలమంచిలి దగ్గర పల్లె. బడి చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. ఆట మొదలై తలుపులు మూశాక ఇంటర్వెల్ దాకా మేనేజరుకి పెద్ద పనుండదు. ఆ సమయమంతా నేను అరువు తెచ్చుకున్న పుస్తకాలతో గడిపాను. విద్యుత్తు, ఫోటోగ్రఫీ, గారడీ విద్య, మనస్తత్వ శాస్త్రం, ఏది దొరికితే అది చదివాను. కాలేజీ గుమ్మం తొక్కకపోయినా ఏ విషయం మీదైనా పదిమందిలో నిలబడి మాట్లాడగలనని నాకు గర్వం. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. ఒకసారి మాత్రం దానికి గట్టి దెబ్బే తగిలింది. అదీ ఈ కథలోదే.

కుర్చీల చప్పుడు

నాకు పని నేర్పింది నా ముందు మేనేజరు. ఆయన్ని అందరూ పంతులు గారనేవారు. బక్కపలచటి మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. నన్ను తన దగ్గర సహాయకుడిగా వేసుకున్న కొత్తలో ఒక రోజు హాలు తలుపు బయట నిలబెట్టి, "కళ్ళు మూసుకుని లోపల ఏం జరుగుతోందో చెప్పు" అన్నారు. నేను తెర మీది మాటలు అప్పజెప్పబోయాను.

"తెర సంగతి ఎవడడిగాడురా? కుర్చీల సంగతి చెప్పు."

అప్పుడు విన్నాను. సినిమా పట్టు తప్పితే జనం అటూ ఇటూ కదులుతారు. చెక్క కుర్చీలు కిర్రుమంటాయి. దగ్గులు మొదలవుతాయి. అగ్గిపుల్లలు గీసిన చప్పుడు వినిపిస్తుంది. సినిమా పట్టు బిగిస్తే మాత్రం ఫ్యాన్ల చప్పుడొక్కటే మిగులుతుంది. ఆ చప్పుళ్ళను బట్టి ఏ సినిమా ఎన్నాళ్ళు నిలుస్తుందో పంతులు గారు చెప్పేవారు. నాకు తెలిసినంతలో ఆయన లెక్క తప్పింది చాలా తక్కువ. ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది. ఆయనలో లోటు ఒక్కటే, అది కూడా చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆయన ఎప్పుడూ మగవాళ్ళ తలుపు దగ్గరే నిలబడేవారు. నాకూ అక్కడే నిలబడడం నేర్పారు.

ఆ రోజుల్లో హాళ్ళు ఎలా ఉండేవో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తరగతులు. నేలలోనూ బెంచీలోనూ ఆడవాళ్ళకి వేరే భాగం, మధ్యలో నడుమెత్తు గోడ. వాళ్ళకి టిక్కెట్ల కిటికీ వేరు, గేటు వేరు. మా హాల్లో ఆ గేటు పక్క సందులోకి ఉండేది. ఆట వదలగానే వాళ్ళు ఆ సందులోంచి అటే వెళ్ళిపోయేవారు.

కొత్త సినిమా పడిన మర్నాడు పొద్దున్న విజయవాడలో ఉన్న డిస్ట్రిబ్యూటరుకి ట్రంకాల్ చేసి టాక్ చెప్పాలి. నేల ఏమంది, బెంచీ ఏమంది, కుర్చీ ఏమంది, బాల్కనీ ఏమంది. ఇంటర్వెల్లో టీ కొట్టు దగ్గర, ఆట వదిలాక సైకిల్ స్టాండు దగ్గర నిలబడి అదంతా పోగుచేసేవాణ్ణి. సందులోంచి వెళ్ళిపోయేవాళ్ళు ఏమన్నారని డిస్ట్రిబ్యూటరు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ లోటు మా ఒక్క హాలుదే కాదు, మా వృత్తిదే.

కారు సినిమా

స్టీలు ప్లాంటు కట్టుబడి పనులు జోరుగా సాగుతున్న రోజులు. సెలవు రోజున గాజువాక వైపు నుంచి వచ్చే ప్రతి బస్సులోంచీ సగం మంది మా హాలు ముందే దిగేవారు. అప్పుడు వచ్చింది ఆ సినిమా. దాని పేరు రాయను. మా ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవనూ లేదు. అందరికీ అది కారు సినిమాయే.

కథ చిన్నది. కొండ మీద ఊళ్ళో ఒక డాక్టరు. పాత నల్ల కారులో గూడేలన్నీ తిరుగుతూ, నడవలేని రోగుల్ని అందులోనే ఆసుపత్రికి చేరుస్తుంటాడు. కల్తీ మందులు అమ్మే ముగ్గురి గుట్టు ఆయనకి తెలుస్తుంది. ఆ ముగ్గురూ కలిసి ఆయన్ని కారుతో సహా లోయలోకి తోసేస్తారు. సొట్టలు పడిన కారుని ఎవరో పైకి లాగి షెడ్డులో పడేస్తారు. ఒక వాన రోజున షెడ్డు తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. అక్కణ్ణించి కారు ఆ ముగ్గురినీ ఒక్కొక్కణ్ణే వెతుక్కుంటూ పోతుంది. మధ్యలో ఒక చిన్న సన్నివేశం. నొప్పులు పడుతున్న ఒక కూలి ఇల్లాలు దారి పక్కన ఒంటరిగా కూలబడి ఉంటే ఆ కారు వచ్చి ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. ఆమెని ఆసుపత్రి గుమ్మంలో దింపి కారు వెళ్ళిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు, రెండు చావుల మధ్య జనం ఊపిరి తీసుకోవడానికి పెట్టారులే అనుకున్నాను.

నాకు ఆ సినిమా ఎంతో నచ్చింది. దెయ్యం సినిమాలంటే నాకున్న చిన్నచూపు దాంతో పోయింది. తెల్లచీర లేదు, విరబోసిన జుట్టు లేదు, గబ్బిలాలు లేవు. ఖాళీ డ్రైవరు సీటు, మెల్లగా తిరిగే స్టీరింగు, అద్దం మీద వాన తుడుస్తూ కదిలే వైపర్లు. అంతే. భయపెట్టాలంటే చూపించడం కన్నా చూపించకపోవడమే పెద్ద విద్య అని నేను పుస్తకాల్లో చదువుకున్నాను. దాన్ని తెర మీద చేసి చూపినవాణ్ణి అప్పుడే చూశాను. కారు ముఖంలో కూడా ఒక మనిషి ముఖం కనిపించేది. హెడ్‌లైట్లు మసకబారితే అలిసిపోయినట్టుండేది. తీసినవాడికి బండ్లంటే ప్రేమ ఉండి తీరాలి. మొదటి ఆటకి తలుపు బయట నిలబడ్డాను. ఆ చిన్న సన్నివేశంలో గీసిన నాలుగు అగ్గిపుల్లలు తప్పిస్తే, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

హాలు ముందు నిలబెట్టిన అంబాసిడర్

మా ఓనరు ప్రసాదు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి విశాఖలో స్థిరపడ్డ మనిషి. జనం నాడి ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఏ సినిమా వస్తే దానికి తగ్గట్టు హాలు ముందు ఏదో ఒకటి నిలబెట్టేవారు. పౌరాణికానికి అట్టతో రథం, పల్లెటూరి కథకి ఎడ్లబండి. "జనం లోపలికి రాకముందే సినిమా మొదలైపోవాలయ్యా" అనేవారు. కారు సినిమాకి నల్ల అంబాసిడర్ కావాలన్నారు.

స్టేషను బయట కిరాయికి తిప్పే అప్పలసూరి దగ్గర అలాంటిది ఉంది. మా పక్క ఊరివాడు, నన్ను బావా అని పిలిచేవాడు. చిన్నప్పుడు లారీ క్లీనరు, తర్వాత లారీ డ్రైవరు. ఊళ్ళో ఉన్న కాస్త భూమీ అమ్మి ఆ పాత అంబాసిడర్ కొన్నాడు. పొద్దున్న లేచి పిల్లల ముఖం కడిగినట్టు దాన్ని కడిగేవాడు. వారం రోజులు మా హాలు ముందు నిలబెడితే అద్దె ఇస్తామంటే ఎగిరి గంతేశాడు.

"ఊరికే నిలబెట్టడానికే బావా? టైరరగదు, పెట్రోలవదు. దొరబాబునాగ కూకుంటాది నా బండి" అన్నాడు.

సినిమాలోని నంబరు రాయించాం. బంపరుకి కాస్త ఎర్ర రంగు పూశాం. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మా ఆపరేటరు నూకరాజుకి కరెంటు పనిలో మంచి చెయ్యి. హారనుకీ హెడ్‌లైట్లకీ తీగలు తగిలించి, మట్టి కిందుగా తీసుకెళ్ళి బుకింగు గదిలో స్విచ్చి పెట్టాడు. గారడీవాళ్ళ పనితనం గురించి నేను చదివిందంతా అతనికి చెప్పాను. ఎప్పుడు నొక్కాలో కూడా చెప్పాను. జనం కారుకి దగ్గరగా వచ్చినప్పుడు కాదు, చూసి వెనక్కి తిరిగినప్పుడు నొక్కాలి.

నూకరాజు అలాగే నొక్కాడు. డ్రైవరు లేని కారు హారన్ కొట్టి కళ్ళు తెరిచేసరికి జనం కెవ్వుమని పరిగెత్తి, నవ్వుకుంటూ మళ్ళీ వచ్చేవారు. నవ్వుకుంటూనే వచ్చారు గానీ, రెండో రోజుకి బంపరుకి నిమ్మకాయలు కట్టి ఉన్నాయి. మూడో రోజుకి ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ప్రసాదు గారు మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను.

జనం ఏమన్నారంటే

పత్రికల్లో సినిమాల మీద రాసేవాళ్ళని నేను చాలామందిని చదివాను. వాళ్ళ కన్నా మా టీ కొట్టు దగ్గర జనమే నయం. చూసిన వస్తువుని తమ చేతి పనితో పోల్చి చూస్తారు, అందుకే వాళ్ళ మాటకి బలముంటుంది. ఒక రోజు ఇంటర్వెల్లో పోర్టులో క్రేను నడిపే ఆయన టీ గ్లాసు పట్టుకుని గట్టిగా వాదిస్తున్నాడు.

"క్లచ్చి తొక్కకండా గేరు పడిపోనాదేటి? నాను ఇన్నేళ్ళబట్టి క్రేను తోల్తన్నాను. దెయ్యమైనా క్లచ్చి తొక్కాల్సిందే."

పక్కవాడు అందుకున్నాడు. "దెయ్యానికి కాళ్ళుండవు గదా బావా, ఏటితోటి తొక్కుతాది?"

"కాళ్ళు నేకపోతే మరి బండెందుకు తోలాల? ఎగిరిపోవచ్చు గదా!"

సినిమాలో మూడో దుర్మార్గుడు భయపడి మేడ మీద దాక్కుంటాడు. కారు కింద వీధిలో ఎదురుచూస్తుంది. వాడు దిగకుండా ఉంటే బతికిపోయేవాడని బెంచీ జనం, ఎన్నాళ్ళుంటాడు, చుట్ట ముక్క కోసమైనా దిగాలి కదా అని నేల జనం. ఈ వాదన వారమంతా నడిచింది. చేపల రేవు నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం ఎవరితోనూ వాదించలేదు. "మా పడవకీ తెలుస్తాది బాబూ, ఎవుడెక్కినాడో. బండికి తెల్దేటి?" అని వెళ్ళిపోయాడు. స్టీలు ప్లాంటులో పనిచేసే గోదావరి జిల్లా కుర్రాడొకడు, "మా వైపైతేనండీ, ఆ కారుకి ఈపాటికి గుడి కట్టేద్దురండి" అన్నాడు.

రిటైరైన హెడ్మాస్టరు గారొకరు బాల్కనీలోంచి దిగి, ఇలాంటి సినిమాలు మూఢనమ్మకాలు పెంచుతాయని నన్ను చీవాట్లు పెట్టారు. మర్నాడు మళ్ళీ వచ్చారు, మళ్ళీ పెట్టారు. మూడోసారి వచ్చినప్పుడు, "మాస్టారూ, మళ్ళీ ఎందుకండీ?" అని అడిగాను. "ఎంత మూఢంగా ఉందో పూర్తిగా తెలుసుకోవద్దా?" అన్నారు.

ఇవన్నీ పూసగుచ్చినట్టు ట్రంకాల్‌లో చెప్పాను. భయం, ప్రతీకారం, ముగ్గురి చావులు, ఇదీ టాక్ అన్నాను. అది పూర్తి టాక్ కాదని నాకు అప్పటికి తెలియదు.

తోలేది నువ్వా, అదా?

వారం తిరిగింది. సినిమా ఇంకా ఆడుతోంది. అప్పలసూరి రంగు కడిగేసుకుని, తన నంబరు తాను పెట్టుకుని కారు తీసుకుపోయాడు. పెద్దగా పట్టించుకోలేదు నేను. కొన్నాళ్ళకి మ్యాట్నీ వేళ నా గదిలోకి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడకి ఆనుకున్నాడు.

"నా బండి పేనం తీసీసినారు బావా."

"ఏమైంది? యాక్సిడెంటా?"

"అదైనా బాగున్ను, బాగు సేయించుకుందును. బండెవులూ ఎక్కట్లేదు."

సంగతి మెల్లగా చెప్పాడు. మిగతా డ్రైవర్లు వేళాకోళానికి మొదలుపెట్టిన దెయ్యం కారు అన్న పేరు స్టేషనంతా పాకింది. పాత కిరాయిదార్లు కూడా తల తిప్పుకుని పోతున్నారు. ముందురోజు రైలు దిగిన ఒకాయన సామాను డిక్కీలో పెట్టించి, ఎక్కబోతూ ఆగాడట.

"ఇది ఆ సినిమా హాలు కాడి కారేనా అన్నాడు. అవునన్నాను, అబద్దం నాకెందుకు? తోలేది నువ్వా, అదా అనడిగినాడు. హాస్యమాడతన్నాడని నవ్వీసినాను. ఆడు నవ్వలేదు బావా. పెట్టె దింపీసుకుని రిచ్చా ఎక్కీసినాడు."

అమ్మేద్దామన్నా కొనేవాడు లేడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఆ కారుని ఇంటి ముందు నిలబెట్టి మళ్ళీ లారీ ఎక్కాలి. ఆ వయసులో వేరేవాడి బండి మీద, నెలకి నాలుగు రోజులు ఇంట్లో.

తీగ చూపించాం

నేను అతణ్ణి వెంటబెట్టుకుని ప్రసాదు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన విని, క్షణం ఆలోచించి, తొడ చరిచారు.

"ఓస్, ఇంతేనా! ఓ భూతవైద్యుణ్ణి పిలిపిద్దాం. హాలు ముందు ముగ్గు వేయించి, డప్పులు కొట్టించి, దెయ్యాన్ని దింపించేద్దాం. ఊళ్ళో మైకు తిప్పుదాం. సూరికి సూరి బాగుంటాడు, సినిమా ఇంకో నెల ఆడుతుంది."

అప్పలసూరి ముఖం వెలిగింది. నేను ఒప్పుకోలేదు. "దింపించామంటే ఉందని మనమే ఒప్పుకున్నట్టు కదండీ. రేపు ఎవడికో జ్వరం వస్తే మళ్ళీ ఎక్కిందంటారు. అప్పుడు ఏ వైద్యుణ్ణి పిలుద్దాం?" అన్నాను. ప్రసాదు గారిలో నాకు నచ్చే గుణం ఇదే. తన మాట మీద మోజు ఉన్నా ఎదుటివాడి మాట వింటారు. "సరే, నీ చదువు ఏం చెబుతుందో అదే చెయ్యవయ్యా" అన్నారు.

నా చదువు నిజం చెప్పమంది. ఆదివారం మ్యాట్నీ ఇంటర్వెల్లో కారుని మళ్ళీ హాలు ముందు నిలబెట్టి, మైకు పట్టుకున్నాను. బ్యాటరీ అంటే ఏమిటి, స్విచ్చి అంటే ఏమిటి, తీగలో కరెంటు ఎలా ప్రవహిస్తుంది, అన్నీ విడమరిచి చెప్పాను. మనసు తాను చూడాలనుకున్నదే ఎలా చూస్తుందో కూడా చెప్పాను. నూకరాజు అందరి ఎదుటా తీగ తగిలించి హారన్ కొట్టాడు, తీసి చూపించాడు. నాకు తెలిసి అంత మంచి ఉపన్యాసం నేను మళ్ళీ ఇవ్వలేదు.

జనం శ్రద్ధగా విన్నారు. చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత టీ కొట్టు దగ్గరికి పోయారు. నేనూ వెనకే వెళ్ళాను.

"తీగ ఇప్పుడు కట్టీసినారు. మనం భయపడిపోతన్నామని."

"కాదేటి మరి? నిజంగా తీగే అయితే ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదు?"

"పాపం మేనేజరు గారు, ఆయనకీ భయమేసీసినట్టున్నాది. సెమటలు సూసినావా?"

మైకు పట్టుకున్న చేత్తోనే చెమట తుడుచుకున్నాను. నా పుస్తకాల మీద నాకున్న గౌరవం తగ్గలేదు. తీగ సంగతి నిజం, ఇప్పటికీ నిజమే. కానీ ఒక కథ పట్టిన మనసుకి తీగ చూపిస్తే సరిపోదని ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు, లేదా కనిపించినా నేను ఆ పేజీ తొందరగా తిప్పేసి ఉంటాను.

ఆడవాళ్ళ గేటు

మర్నాడు ఆడవాళ్ళ గేటు గడియ ఊడిందని కబురొస్తే చూడడానికి సందులోకి వెళ్ళాను. మ్యాట్నీ నడుస్తోంది. ఆ గేటు దగ్గర పైడమ్మ ఉండేది. నలుగురు పిల్లల తల్లి, పొడుగ్గా గట్టిగా ఉండే మనిషి. చంటిపిల్లలతో వచ్చేవాళ్ళని ఏ మూల కూర్చోబెట్టాలో ఆవిడే చూసుకునేది. గడియకి మేకు కొడుతుండగా లోపలి నుంచి వెక్కిళ్ళు వినిపించాయి. ఒకరివి కాదు, చాలామందివి. ఇదేమిటి, భయపెట్టే సినిమాకి ఏడుపేమిటని చేతిలో సుత్తి ఆపి విన్నాను. కారు ఆగిన చప్పుడు, తలుపు తెరుచుకున్న చప్పుడు, వాన. తర్వాత ఒక గొంతు:

"దింపీసింది! ఓలమ్మా, దింపీసింది!"

చప్పట్లు. అదే సన్నివేశం, నేను ఊపిరి తీసుకోవడానికి పెట్టారనుకున్నది. అవతలి తలుపు దగ్గర నిలబడితే ఆ సమయంలో నాకు అగ్గిపుల్లల చప్పుడే వినిపించేది.

ఆట వదిలింది. నేను గోడ పక్కకి తప్పుకుని నిలబడ్డాను. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటూ, పిల్లల్ని చంకనేసుకుంటూ వస్తున్నారు.

"డాక్టరు గారు పోనారు గానీ కారు పని మాననేదు సూడు."

"దానికి దారి తెలుసు కదే. ఎన్నిమార్లు ఎల్లిందో ఆసుపత్రికి."

"మరి ఆ ముగ్గుర్నీ సంపీసింది గదా?"

"సంపదేటి? రోగాలోళ్ళకి మట్టి మందులమ్మితే ముద్దెట్టుకుంటాదేటి?"

అందరూ నవ్వారు. వాళ్ళ వెనక ఒకావిడ నెమ్మదిగా నడుస్తోంది. పోర్టు కాలనీ వైపు మనిషిలా ఉంది. పక్కనున్న ఆవిడతో అంది, "నా రెండో కానుప్పుడు అలాటి బండి ఒకటొచ్చుంటే నా పిల్ల దక్కును." పక్కనావిడ ఆమె చేతిలోని సంచి అందుకుని తాను మోసింది.

సందు ఖాళీ అయ్యాక పైడమ్మని అడిగాను. "వాళ్ళకి దెయ్యం భయం లేదా?"

"దెయ్యమేటి బాబూ? ఈ గేటులో ఆ మాట ఎవులూ అన్రు. డాక్టరు గారి కారంటారు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరెప్పుడైనా ఇటొచ్చి అడిగినారేటి?"

అడగలేదు. ఒకే తెర, ఒకే బొమ్మ. నడుమెత్తు గోడకి ఇవతల దెయ్యం కారు, అవతల డాక్టరు గారి కారు. నేను సగం హాలు మాటని ఊరంతా అనుకుని ట్రంకాల్ చేస్తూ వచ్చాను.

అప్పలసూరి సంగతి పైడమ్మకి చెప్పాను. ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. "ఆ పాటి దానికి మైకెందుకు బాబూ? రేపు మేట్నీ వదిలీయేలకి బండి ఈ సందులోకి తెమ్మను. నా కోడలికి నెలలు నిండిపోనాయి. ఆసుపత్రికి సూపించుకోడానికి తీసుకెల్లాల. కార్లోనే ఎల్తాం."

మర్నాడు అప్పలసూరి కారుని అద్దంలా తుడిచి సందులో నిలబెట్టాడు. నిలబెట్టాడే గానీ కిందకి దిగకుండా స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయాడు. ఆట వదిలింది. ఆడవాళ్ళు కారుని చూసి ఆగారు. పైడమ్మ కోడలు నిండు కడుపుతో గోడ పక్కన నిలబడి ఉంది. అంతలో పోర్టులో కలాసీగా చేసే పైడమ్మ కొడుకు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏటమ్మా నీకు మతి పోనాదా? దెయ్యం కార్లో నా పెళ్ళాన్ని ఎక్కిత్తావేటి?"

పైడమ్మ నడుం మీద చేతులేసుకుంది. అంతమంది ఆడవాళ్ళ మధ్య తాపీగా అడిగింది.

"ఆ కారు పాపం సేసినోళ్ళనే గదరా సంపుతాది. మరి నువ్వెవుణ్ని సంపినావు?"

సందు గొల్లుమంది. ఒక ముసలమ్మ, "సెప్పురా, సెప్పు! ఎవుణ్ని సంపినావో సెప్పీసి ఎల్లు!" అని చప్పట్లు కొట్టింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. అందరికన్నా ముందు వాడే కారు తలుపు తీసి, ముందు సీట్లో దభీమని కూర్చున్నాడు. వెనక అత్తా కోడళ్ళు ఎక్కారు. వాళ్ళతో పాటు ఆసుపత్రి దాకా వస్తామని ఇంకో ఇద్దరు ఎక్కేశారు. అప్పలసూరి బండి స్టార్ట్ చేసి సందులోంచి మెల్లగా బయటికి తీశాడు.

ఎవుణ్ని సంపినావు?

ఆ మాట ఊరంతా తిరిగింది. స్టేషను బయట ఎవడైనా ఆ కారు చూసి వెనకాడితే చాలు, రిక్షావాడి నుంచి పళ్ళబండి అమ్మి దాకా అందరూ, "ఏటి బాబూ, ఎవుణ్ని సంపినావు?" అని అడిగేవారు. అడిగించుకోవడం ఇష్టం లేక మగవాళ్ళంతా ఎక్కారు. కొందరు ఎక్కి కూర్చుని చుట్టూ చూసుకునేవారట, తమని ఎవరైనా చూశారా లేదా అని. సినిమా కోసం ఊళ్ళో తిప్పే మైకులో చెప్పే మాటలు నేను మార్చేశాను. భయంకర ప్రతీకారం అన్నది తీసి, ఆపదలో ఉన్న ఆడకూతురికి అండగా నిలిచిన కారు అని చెప్పించాను. ఆ తర్వాత ఆడవాళ్ళ కిటికీ దగ్గర వరస సందు దాటి రోడ్డు మీదికి వచ్చింది.

డిస్ట్రిబ్యూటరుకి ఫోన్ చేసి ఆడవాళ్ళ టాక్ చెప్పబోతే, "ఆడాళ్ళ టాకేంటయ్యా?" అన్నాడాయన. చివరిదాకా చెప్పాను. తర్వాత నుంచి ఏ సినిమాకైనా మొదట ఆయన అడిగే ప్రశ్న అదే. ఆ రోజు నుంచి నేను దిగిపోయేదాకా ప్రతి సినిమాకీ ఒక ఆట ఆ తలుపు దగ్గర, ఒక ఆట ఈ తలుపు దగ్గర నిలబడ్డాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఇదొక్కటే. గోడలు ఇప్పుడు తీసేశారు, కానీ మీరు నిలబడని తలుపు ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది. వెతకండి.

ఒక్క ప్రసాదు గారు మాత్రం ఆ కారు ఎక్కలేదు. ఒకసారి జోరు వానలో హాలు ముందు గొడుగు లేకుండా నిలబడి ఉంటే అప్పలసూరి కారు తెచ్చి తలుపు తీశాడు. ఆయన కారుని చూశారు, నన్ను చూశారు, "ఇంత దగ్గరికి కారెందుకయ్యా" అంటూ తడుస్తూ రిక్షా వైపు నడిచారు. అప్పలసూరి వెనకనుంచి, "ఏటి బాబూ..." అని మొదలుపెట్టబోతే నేను నోరు మూయించాను. ఎంతైనా ఓనరు.

నేను ఉద్యోగం దిగిపోయిన రోజున అప్పలసూరే నన్ను ఇంటికి చేర్చాడు. దారిలో అడిగాను, ఆసుపత్రి కిరాయిలు ఇంకా వస్తున్నాయా అని.

"ఎక్కువ అయ్యే వత్తన్నాయి బావా. నొప్పులు మొదలవగానే సూరి బండికి కబురెట్టండంటారు. పైడమ్మ మనవడు ఈ బండెక్కెల్లే పుట్టినాడు, ఆడి ఎనక ఎంతమందో."

తర్వాత తనే అన్నాడు.

"కొందరు ఆడకూతుళ్ళు వెనక సీట్లో నొప్పులు పడతా అడుగుతారు బావా, ఆ రోజు ఆ రైలాయన అడిగినట్టే. తోలేది నువ్వేనా అని. మొదట్లో అవునమ్మా నానే అనీవోణ్ణి. ఇంకా ఎక్కువ ఏడిసీవోరు."

"ఇప్పుడేమంటావు?"

అప్పలసూరి గేరు మార్చాడు. క్లచ్చి తొక్కి, చాలా మెత్తగా మార్చాడు.

"డాక్టరు గారే తోల్తన్నారమ్మా, నాను ఊరికే కూకున్నానంటాను. అప్పుడు కళ్ళు మూసుకుని పడుకుంటారు."

బ్యాటరీ గురించీ తీగల గురించీ నాకు తెలిసిందంతా నోటి దాకా వచ్చి ఆగింది. కిటికీ అద్దం కిందికి దించుకుని, మా ఇల్లు వచ్చేదాకా వీధి చూస్తూ కూర్చున్నాను.